ఉంది, లేదు, తెప్పించాలి

ఆ బడిలో పిల్లలు లైబ్రరీ ఆవిడకి పెట్టిన పేరు లేదమ్మ. ఏ పుస్తకం అడిగినా తలెత్తకుండా "లేదు" అనేస్తుందని వాళ్ళ ఫిర్యాదు. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఉన్నవి ఉన్నాయి, లేనివి లేవు, అబద్ధమాడటం ఆవిడకి చేతకాదు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో రిజిస్టరులో ఒక్క దొంగ అక్షరం రాయలేదని కాస్త గర్వం కూడా.

ఏటా బడి తెరిచిన వారంలో పుస్తకాల కంపెనీల కేటలాగులు కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి. ఆవిడ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటుంది. కేటలాగులో ఒక పేరు చదవడం, రిజిస్టరు తిప్పడం, దొరికితే పక్కన "ఉంది", దొరక్కపోతే "లేదు". అంతా అయ్యాక లేనివాటిలోంచి కొన్ని ఏరి, "తెప్పించాలి" అని రాసి హెడ్మాస్టరు బల్ల మీద పెడుతుంది. మనసు ఎక్కడున్నా చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటుంది.

ఆ సోమవారం కట్టలో ఒక పల్చటి కేటలాగు వచ్చింది. బూడిదరంగు అట్ట, దాని మీద కంపెనీ పేరు లేదు, చిరునామా లేదు. లోపల మూడే పేర్లు. గంటమ్మ, 61 పేజీలు. లెక్కల టీచరు, 48 పేజీలు. మిషన్ అక్క, 54 పేజీలు. పిల్లల కథలు కాబోలు అనుకుంది. రిజిస్టరు తిప్పి, లేదు, లేదు, లేదు అని మూడు ముక్కలు రాసి పక్కన పడేసింది.

మంగళవారం బడి గంట పది నిమిషాలు ఆలస్యంగా మోగింది. కొట్టింది గుమాస్తా. రోజూ కొట్టే ముసలావిడ, పిల్లల భాషలో గంటమ్మ, ఎక్కడా కనిపించలేదు.

"ఆవిడేదండీ?" అంది లేదమ్మ.

"ఇంకెక్కడి ఆవిడ. తెల్లారేసరికి లేదు. నిద్రలోనే పోయిందట. మొన్ననే అరవై ఒకటి నిండాయి."

బుధవారం లెక్కల టీచరు రాలేదు. స్టాఫ్ రూములో సైన్సు టీచరు కళ్ళు తుడుచుకుంటోంది. "నిన్న నా పక్కనే కూర్చుని నవ్విందండీ. ఇవాళ లేదు. నలభై ఎనిమిదేళ్ళకే ఇలా..."

ఆ మాట చెవిన పడగానే లేదమ్మ బూడిదరంగు కేటలాగు కోసం లైబ్రరీకి పరిగెత్తింది. మన భాషతో వచ్చిన తంటా ఇది. మగవాడైతే లేడు అంటాం. ఆడమనిషికీ అలమారలో పుస్తకానికీ కలిపి ఒకటే మాట. ఎవరి గురించి రాస్తోందో రాసే చేతికి తెలియాలి కదా.

మూడో పేరు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్క అక్క. అమ్మ పోయాక తొమ్మిదో క్లాసులో బడి మానేసి, కుట్టు మిషన్ తొక్కి చెల్లెల్ని చదివించింది. వీధి మొత్తానికి మిషన్ అక్క. వయసు యాభై నాలుగు. ఆవిడ పోతే లేదమ్మకి ఈ లోకంలో నా అన్నవాళ్ళు లేరు.

వెంటనే అక్కకి ఫోను చేసింది.

"ఏంటే ఈ వేళప్పుడు?" అంది అక్క.

"ఏం లేదక్కా. ఒంట్లో ఎలా ఉంది?"

"పొద్దుట్నించీ గుండెలో ఏదో బరువు. డాక్టరు గ్యాసేనన్నాడులే. నువ్వు కంగారు పడకు."

లేదమ్మ కేటలాగు తెరిచింది. మూడో "లేదు" కొట్టేసి "ఉంది" అని రాయబోయింది. సిరా పడలేదు. పక్క కాగితం మీద చక్కగా రాసే పెన్ను, ఆ గడిలోకి రాగానే ఎండిపోతోంది. నాలుగు పెన్నులు మార్చింది. అప్పుడు అర్థమైంది. పుస్తకం ఉంటేనే ఉంది అని రాయాలి. ఆవిడ పెట్టుకున్న నియమమే అది.

తలుపు గడియ పెట్టి తెల్ల నోటుబుక్కు తీసి, అట్ట మీద మిషన్ అక్క అని రాసింది. ఏడాదికి ఒక పేజీ, పేజీకి నాలుగు ముక్కలు. అక్కకి వంకాయ పడదు. ఉరుమంటే భయం. దారం పంటితో తెంపుతుంది. రాస్తుంటే ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. ఒక్క పదిహేనో పేజీ దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. బడి ఎందుకు మానేసింది? తన కోసమని రాయడానికి సిగ్గేసింది. "కుట్టుపని మీద ఇష్టం కొద్దీ మానేసింది" అని రాసి ముందుకి వెళ్ళిపోయింది. ముందు పేజీల్లో ఎలాగూ రాని చెల్లెలి మాట, ఆ తర్వాతి పేజీల్లోనూ ఎత్తాల్సిన చోటల్లా దాటేసింది.

ఆఖరి గంట మోగేలోపు యాభై నాలుగు పేజీలూ నిండాయి. ముద్ర వేసి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి అలమారలో పెట్టింది. ఈసారి పెన్ను పెట్టగానే సిరా పడింది. ఉంది.

ఇంటి మెట్ల దగ్గరికి రాగానే మిషన్ చప్పుడు వినిపించింది. లేదమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా ఎక్కి తలుపు తట్టింది. అక్క తీసింది. మొహం కళగా ఉంది, పంటి మధ్య దారం ముక్క.

"ఎవరు కావాలండీ? కుట్టించుకోడానికా?"

"అక్కా, నేనే."

"అందరూ అక్కా అనే పిలుస్తారు లెండి. ఇంతకీ ఎవరు మీరు?"

"నీ చెల్లెల్నక్కా. నన్ను చదివించడానికే కదా నువ్వు బడి మానేసింది."

అక్క జాలిగా నవ్వింది. "ఇల్లు పొరపడ్డట్టున్నారు. నేను కుట్టుపని మీద ఇష్టం కొద్దీ మానేశాను. నాకు చెల్లెలు లేదండీ."

తలుపు మెల్లగా మూసుకుంది. లోపల మిషన్ మళ్ళీ మొదలైంది. లేదమ్మ మెట్ల మీద కూలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. అక్క ఉంది. రాసింది రాసినట్టు, అక్షరం పొల్లుపోకుండా ఉంది.