టప్పుమన్న మెడ

టైర్ల షాపులో చక్రాల వంకర తీసే పనిలోంచి గెంటేస్తే, ఒక మనిషి జనం వెన్నుపూసల మీద పడ్డాడు. "బండైనా ఒళ్లయినా అలైన్‌మెంటే కదా!" అంటూ భార్య కుట్టుమిషను పెట్టుకున్న గదికి అడ్డంగా ఒక కర్టెన్ కట్టాడు. అవతల ఒక బల్ల వేసి, ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి మేకుకి వేలాడదీసి, తెల్లకోటు తొడిగాడు. ఇంకేముంది, మహానుభావుడి నడకే మారిపోయింది. కట్టుకున్న భార్య కూడా నలుగురిలో 'డాక్టరుగారూ' అనే పిలవాలట!

జనం మాత్రం తక్కువ తిన్నారా? వాళ్లకి కావలసింది చప్పుడు. మెడ తిప్పగానే టప్పుమంటే రోగం వదిలినట్టే. నడుం పట్టేసినవాళ్లు, మోకాళ్లు వాచినవాళ్లు ఆ చప్పుడు విని మురిసిపోతూ లేచేవారు, వారం తిరక్కుండా కుంటుకుంటూ మళ్లీ వచ్చేవారు. సిగ్గన్నా వేయదు.

ఆ చప్పుడు పిచ్చి భార్యకీ ఉంది. మిషను మీద వంగీ వంగీ ఆమె మెడనొప్పి భుజంలోకి దిగింది. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి, సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. ఆ చెయ్యి పడిపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆయనగారి సంపాదన కోటు ఇస్త్రీకే చాలదు. అయినా ఆసుపత్రి మాటెత్తితే చాలు, మొగుడు ఎగిరిపడేవాడు.

"ఇంట్లో డాక్టరుని పెట్టుకుని వాళ్ల గుమ్మం తొక్కుతావా? నా పరువేం కాను?"

చిక్కేమిటంటే, ఆయన ఎన్నిసార్లు తిప్పినా ఆమె మెడ చప్పుడు చేయదు. "పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా? నీకు నమ్మకం లేదు, అదీ నీ రోగం" అని నింద కూడా ఆమె మీదే. పిచ్చి మనిషి, తప్పంతా తన మెడదే అనుకుంది.

ఒకరోజు బెంచీ నిండా జనం ఉండగా ఆమె చేతిలోంచి కత్తెర జారి పడింది. అందరూ చూశారు. మొగుడి మొహం మాడిపోయింది. ఆమెని కర్టెన్ వెనక్కి లాక్కెళ్లి, బల్ల మీద పడుకోబెట్టి మెడ తిప్పాడు.

టప్!

"వచ్చింది! వచ్చింది!" బయట ఒకటే సంబరం. ఆమెకీ ప్రాణం లేచివచ్చింది. కానీ మెడలో ఏమీ కదిలినట్టు లేదే! కళ్లు తెరిచి చూస్తే, చెవి పక్కన ఆయన బొటనవేలు రెండో చేతి గుప్పిట్లో ఉంది. మెటిక విరిచాడు!

"ఇదా ఆ చప్పుడు? నా దగ్గర కూడా మోసమేనా?" అంది.

"ష్! మెల్లగా. అందరికీ ఇదే. చప్పుడొస్తేనే కదా తృప్తి! నీకూ కావలసింది అదేగా?"

నొప్పి కన్నా అసహ్యం ఎక్కువైంది ఆమెకి. ఇన్నాళ్లూ తన మెడని తిట్టుకున్నందుకు ఏడుపొచ్చింది. దొంగ కూడా సొంతింటికి కన్నం వేసుకోడు.

కర్టెన్ లాగేసి బయటికొచ్చింది. బెంచీ చివర ఒక ముసలి డ్రైవరు, చొక్కా బొత్తం కూడా పెట్టుకోలేని తిమ్మిరి చేత్తో కూర్చుని ఉన్నాడు.

"తగ్గిందా అమ్మా?"

"నా మెడకేమీ కాలేదు బాబాయ్. ఆయన తన మెటిక విరుచుకున్నాడు. నేను ఆసుపత్రికి పోతున్నా. మీరూ రండి."

ముసలాయన ఆమెని జాలిగా చూశాడు. "అదేంటమ్మా, మేమంతా విన్నాంగా!" అంటూ లేచి, కర్టెన్ వెనక్కి నడిచాడు.

"వినండి బాబాయ్, చెవులారా వినండి" అనేసి ఆమె ఒక్కతే వీధిలోకి దిగింది.