జిమ్మీకి పెట్టిన పెరుగన్నం

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండేది. ముప్ఫయ్యేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. లేబొరేటరీ గదిలో ఏదో కదిలిందని పిల్లలు వణుకుతూ వస్తే, "వెళ్ళి చూసి రండే, నాకూ చెబుదురుగాని" అని తిప్పి పంపేదాన్ని. ఇప్పటికీ నమ్మనని చెప్పాలనే ఉంది. కానీ బాపట్లలో పట్టపగలు నేను చూసినదాన్ని ఏమనాలో నాకు తెలియదు. అది చెప్పాలంటే ముందు నేను చేసిన పాడు పని చెప్పుకోవాలి.

అరవయ్యో దశకం చివర్లో సంగతి. నాకింకా పెళ్ళి కాలేదు. తెనాలిలో అమ్మానాన్నలతో ఉంటూ కొత్తగా ఉద్యోగంలో చేరాను. నేను చదువుకునే రోజుల్లో మా నాన్న అమృతలూరు పొలం నుంచి గుడ్డసంచిలో వేసుకుని తెచ్చిన కుక్క ఉండేది. జిమ్మీ అని పేరు పెట్టాను. జాతి కుక్కేం కాదు. నేను బడినుంచి వచ్చే వేళకి వీధి మలుపులో కూర్చుని ఉండేది, అంతే.

దానికి ఆరేడేళ్ళు వచ్చాక పొట్ట కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. పశువుల ఆస్పత్రి డాక్టరు చూసి కోసి తీసేయాలన్నాడు. "కుక్కకి ఆపరేషనేంటమ్మా, చోద్యం కాకపోతే!" అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. నేను పట్టించుకోలేదు.

ముందురోజు సాయంత్రమే జిమ్మీని ఆస్పత్రిలో అప్పగించాలి. క్లోరోఫారం ఇచ్చినప్పుడు కడుపులో ఏదైనా ఉంటే పైకి తన్నుకొచ్చి ఊపిరిగొట్టంలోకి పోతుందని డాక్టరు చెప్పాడు. అందుకని రాత్రి నుంచి పస్తు. కాపలా కాంపౌండరు కోటయ్య గారిది. ఆయనకి యాభై దాటాయి. చాలా నెమ్మదస్తుడు. ఎద్దుకి సూది వేసేటప్పుడు కూడా "ఒక్క క్షణం ఓర్చుకో నాయనా" అనే మనిషి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పరీక్షకి వెళ్ళినా, ప్రయాణానికి వెళ్ళినా, కోర్టు పనికి వెళ్ళినా, రెండు ముద్దలు పెరుగన్నం తినందే అమ్మ గడప దాటనిచ్చేది కాదు. ఖాళీ కడుపుతో గండంలోకి ఎవర్నీ పంపకూడదని ఆవిడ పట్టు. నాకు నవ్వొచ్చేది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆకలితో జిమ్మీ కుయ్యో కుయ్యో అంటున్నట్టే అనిపించింది.

తెల్లవారుతూనే చిన్న టిఫిన్ బాక్సులో పెరుగన్నం కలుపుకుని వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో కోటయ్య గారి చాప ఉంది, ఆయన లేరు. షెడ్డులో కట్టేసిన జిమ్మీకి నన్ను చూడగానే ఒళ్ళంతా తోకైపోయింది. రెండు ముద్దలే అనుకున్నాను. బాక్సంతా నాకేసింది. కుళాయి దగ్గర బాక్సు కడుక్కుని, ఎవరూ చూడలేదనుకుని ఇంటికొచ్చేశాను. మళ్ళీ ఎనిమిదింటికి, అప్పుడే వస్తున్నట్టు వెళ్ళాను.

అన్ననాళం ఇది, శ్వాసనాళం ఇది అని బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మ గీసి చెప్పేదాన్ని నేను. ఎందుకలా చేశానని అడిగితే, ప్రేమ కొద్దీ అని చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంటుంది.

కిటికీలోంచి చూస్తున్నాను. కోటయ్య గారు జిమ్మీ మూతి మీద దూది పెట్టి, క్లోరోఫారం ఒక్కొక్క చుక్కే వేస్తున్నారు. డాక్టరు కోత మొదలుపెట్టిన కాసేపటికే జిమ్మీ గొంతులో గురగురమని చప్పుడు. తల కిందికి వంచారు, నోట్లో వేళ్ళు పెట్టి తీశారు, డొక్కలు ఒత్తారు. తెల్లటి మెతుకులు బల్లమీద నాకు కనిపించాయి. జిమ్మీ మళ్ళీ ఊపిరి తీసుకోలేదు.

డాక్టరు బయటికొచ్చి, "ఏమన్నా పెట్టారాండి?" అని అడిగాడు.

"లేదండి" అన్నాను.

ఆయన కోటయ్య గారి మీద విరుచుకుపడ్డాడు. "రాత్రంతా నీ దగ్గరే ఉంది కదయ్యా! నువ్వు తినగా మిగిలింది పడేశావా?"

కోటయ్య గారు ఒక్కసారి నా వంక చూశారు. తర్వాత తల దించుకుని, "పొరపాటైపోయిందండి" అన్నారు.

నెల తిరక్కుండా ఆయన్ని రేపల్లె దగ్గర నగరం అనే ఊరికి బదిలీ చేశారని ఆస్పత్రి అటెండరు చెప్పాడు. పైకి రిపోర్టు కూడా వెళ్ళిందట. వెళ్ళి నిజం చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. పెగల్లేదనడం కూడా అబద్ధమే. నేనే పెగల్చుకోలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. మత్తు ఎక్కువై పోయిందన్నాను.

తొమ్మిదేళ్ళు గడిచాయి. పెళ్ళయి బాపట్ల వచ్చాను. మా అమ్మాయి సుధకి ఆరేళ్ళప్పుడు టాన్సిల్స్ తీయించాల్సి వచ్చింది. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు. సాయానికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. పొద్దున్నే గది చూసుకోవడానికి నేనూ మా ఆయనా ముందు ఆస్పత్రికి వెళ్ళాం. అమ్మ సుధని తీసుకుని రిక్షాలో వచ్చింది.

దాదాపు పది గంటలప్పుడు సుధని లోపలికి తీసుకెళ్ళబోతున్నారు. మా ఆయన మందుల షాపుకి వెళ్ళారు. నేను వరండాలో నిలబడ్డాను. నాకు రెండు గజాల దూరంలో కోటయ్య గారు కనిపించారు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, పంచె. మనిషి తొమ్మిదేళ్ళలో ఏమీ మారలేదు. ఎండ నేరుగా ఆయన ముఖం మీదే పడుతోంది. పొరబడడానికి వీల్లేదు.

నేను పలకరించే లోపే ఆయనే దగ్గరికొచ్చారు.

"పాపకి ఏమన్నా పెట్టారామ్మా?"

"లేదండి" అన్నాను. అదే మాట, అదే గొంతుతో నా నోట్లోంచి వచ్చింది. నేను పెట్టలేదన్నది ఈసారి నిజమే.

ఆయన కదల్లేదు. "మీరు పెట్టలేదు, సరేనమ్మా. ఇంకెవరన్నా పెట్టారేమో ఒక్కసారి అడగండి" అన్నారు.

నేను పరుగెత్తాను. స్ట్రెచర్ మీద ఉన్న సుధని అడిగితే అది అమ్మమ్మ వంక చూసింది. మా అమ్మ ముఖం మాడిపోయింది.

"రెండు ముద్దలు పెరుగన్నమేనే. కత్తి పడబోయే పసిదాన్ని ఖాళీ కడుపుతో ఎట్టా పంపనే?"

జిమ్మీ ఎలా పోయిందో నేను అమ్మకి ఆనాడే చెప్పి ఉంటే, ఆవిడ ఆ పని చేసేదా? నా అబద్ధం తొమ్మిదేళ్ళు నా ఇంట్లోనే కూర్చుని, నా కూతురి దాకా వచ్చింది. నేను గోడకి ఆనుకుని బావురుమన్నాను. డాక్టరు ఆపరేషన్ ఆపేసి, అమ్మని నాలుగు చీవాట్లు పెట్టి, వారం తర్వాత రమ్మన్నాడు.

బయటికొచ్చి చూస్తే కోటయ్య గారు లేరు. అక్కడున్న నర్సుని అడిగాను. "తెల్ల చొక్కా పెద్దాయనేనాండి? మీ నాన్నగారనుకున్నాను. పాపకి ఎవరన్నా ఏదన్నా పెట్టారేమో కనుక్కోమని నాతో కూడా అన్నారు. మెట్ల వైపు వెళ్ళారండి" అంది. అంటే చూసింది నేనొక్కదాన్నే కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను నన్ను నమ్మకపోయినా ఆ అమ్మాయిని నమ్మక తప్పడం లేదు.

సుధ ఆపరేషన్ సవ్యంగా అయింది. ఇక ఆయన కాళ్ళ మీద పడి నిజం చెప్పాలని గట్టిగా అనుకున్నాను. తెనాలిలో పాత అటెండరుని పట్టుకుంటే, రేపల్లెలో స్థిరపడ్డారని చెప్పాడు. ఓ ఆదివారం బస్సెక్కాను. అడ్రసు కనుక్కుని వెళ్తే ఆయన భార్య తలుపు తీసింది.

"ఆయన పోయి రెండేళ్ళవుతోందమ్మా" అంది.

నేను అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది. తాగకుండానే అంతా చెప్పేశాను. బాక్సు, మెతుకులు, నా అబద్ధం, అన్నీ. తిడుతుందని చూశాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను.

"ఆయనకి తెలుసమ్మా" అంది ఆవిడ. "టీ తాగి వస్తా వస్తా నువ్వు కుళాయి కాడ బాక్సు కడగడం చూశారంట. అడుగుదామనుకున్నారంట. చదువుకున్న పిల్ల, పంతులమ్మ, అడిగితే ఏమనుకుంటుందోనని మొహమాటపడ్డారంట. ఆ ఒక్క మాట అడిగుంటే నోరులేని జీవి బతికేదే అని, పోయేదాకా అంటానే ఉన్నారు. తప్పు నాదే, నేను అడగలేదు అనేవారు."

అప్పుడు బాపట్ల ఆస్పత్రి సంగతి చెప్పాను. ఆయన ఏ మాట అన్నారో, రెండోసారి ఏమన్నారో, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయితే అడిగారన్నమాట" అంది.

తిరుగు బస్సులో ఒక్కొక్కటిగా లెక్క సరిచూసుకున్నాను. పోలికున్న మనిషి ఎవరైనా అనుకుందామా? నాకు తెలియనిది అతనికెలా తెలుసు? మనసు భ్రమ అనుకుందామా? నర్సుకి ఎందుకు కనిపించారు? సుధకి ఇప్పుడు పిల్లలున్నారు. నాకు ఈనాటికీ అంతు చిక్కలేదు. ఆయన తన తప్పు దిద్దుకోవడానికి చనిపోయాక కూడా వచ్చారు. నేను బతికుండి, తెనాలి నుంచి నగరం దాకా వెళ్ళలేకపోయాను.