గుస్సా వస్తే పడుకునే మా ఖాసింబీ అత్త

మా చిన్నప్పుడు... మా ఊరు అత్వెల్లిలో దండెం మీద ఆరేసిన నా క్రిస్మస్ గౌనును పక్కింటి మేకపోతు నమిలేసింది. కింద కుట్టిన లేసంతా దాని నోట్లోనే ఉంది...

మేకపోతు ఖాసింబీ అత్తది. బక్రీదుకని ముద్దుగా పెంచుకుంటోంది. ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒకే వాకిట్లో ఉండేవి, మధ్యలో గోడ లేదు. మామ శామీర్‌పేట దాకా ఆటో నడిపేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు. అమ్మ కుట్టు మిషన్ ముందు కూర్చుంటే నేను అత్త ఒళ్ళోనే... నాకు జడ వేయడం దగ్గర్నుంచి గోరుముద్దలు పెట్టడం దాకా అన్నీ ఆమే.

మా అమ్మకేమో ముక్కు మీద కోపం. వారం రోజులు కూర్చుని కుట్టిన గౌను మరి... గొంతెత్తేసరికి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. అత్త పాపం, "తప్పయింది వదినా, కట్టేసుడు మర్చిపోయిన" అంటూనే ఉంది. అమ్మ వింటే కదా!

"నీకేం తెలుస్తది? కడుపున ఒక్కరన్న పుడితే తెలుస్తుండె, పిల్లల బట్టల విలువ!"

వాకిట్లో మేక నమలడం ఒక్కటే వినిపిస్తోంది.

అత్త ముఖం ఎర్రగా కందిపోయింది. ఉన్నచోటనే నేల మీద కూర్చుంది. ఊపిరి బుసలు కొడుతూనే ఉంది. కాసేపటికి పక్కకు ఒరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని, ఆ మట్టిలోనే పడుకుని కళ్ళు మూసుకుంది.

అంతే... అమ్మ కోపం ఎటు పోయిందో! "అయ్యో, వదినకు ఫిట్స్ వచ్చినయే!" అంటూ ఇంట్లోకి ఉరికింది. బీరువా తాళాలగుత్తి తెచ్చి అత్త గుప్పిట్లో కుక్కింది. నన్ను ఉల్లిగడ్డ కోసుకురమ్మంది. అత్త అరిపాదాలు రుద్దుతూ ఏడుపు మొదలుపెట్టింది...

అత్త ఒక కన్ను తెరిచింది.

"ఫిట్స్ రాలే వదినా... గుస్సా వచ్చింది."

తాళాలగుత్తి అమ్మ చేతిలో పెట్టి, లేచి, కొంగు దులుపుకుని పంపు దగ్గరికి పోయింది. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు... తడిచేత్తో తల తుడుచుకుని, కాళ్ళు కడుక్కుంది. నమాజుకు ముందు చేసే వజూ అది. రోజూ చూసేదాన్నే, కానీ ఆరోజు ప్రతిదీ నెమ్మదిగా చేసింది.

నేను ఊరుకునే పిల్లనా! వెనకాలే వెళ్ళాను. నమాజు చేసేటప్పుడు ముందర నుంచి పోవద్దని అత్త ఎప్పుడో చెప్పింది, అందుకని గుమ్మంలోనే నిలబడ్డాను. నుదురు నేలకు ఆనించి సజ్దా చేసింది... ఎంతసేపటికీ లేవదు. ఈసారి నిజంగానే నిద్రపోయిందేమో అనుకుని వంగి చూశాను. భుజాలు కదులుతున్నాయి.

నమాజు అయ్యాక నన్ను దగ్గరికి పిలిచింది.

"అత్తా, వాకిట్ల ఎందుకు పండుకున్నవ్?"

"గుస్సా వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూసోవాలె, గప్పటికీ పోకుంటే పండుకోవాలె అని మా ప్రవక్త చెప్పిండు బేటీ. గుస్సా అగ్గి లెక్క. నీళ్ళు పడితే సల్లారుతది, గందుకే వజూ."

"మరి పోయిందా?"

"గుస్సా పోయింది. బాధ ఉన్నది."

అప్పటిదాకా ఆ రెండూ ఒకటే అనుకునేదాన్ని నేను... ఒకటి పోయి ఇంకొకటి ఎట్లా మిగులుతుందో నాకు భలే ఆశ్చర్యం.

"గా బాధ అమ్మకు చెప్పరాదు?"

"ఇప్పుడు చెప్తే మల్ల లొల్లి అయితది. సజ్దాల చెప్పిన. ఎంత మెల్లగ చెప్పినా అల్లాకు ఇనవడ్తది. మీ అమ్మ కోసం గూడ దువా చేసిన."

"తిట్టింది గదా!"

"తిట్టినోళ్ళ కోసం చేసుడే కష్టం బేటీ... నోట్లకెళ్ళి మాట రాలే శానాసేపు."

ఇంటికొచ్చి అన్నీ అమ్మకు పూస గుచ్చినట్టు చెప్పేశాను. అమ్మ ఇక గౌను ముట్టుకోలేదు, మిషన్ ముట్టుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు మేం రోజూలాగే ప్రార్థనకు మోకరించాం. నాయిన మొదలుపెట్టాడు. అమ్మ మధ్యలోనే లేచింది. అట్లా ప్రార్థనలోంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు... నన్ను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది.

"పో... అత్త తలుపు కొట్టు. నీ బిడ్డ వచ్చిందని చెప్పు."

నాకేమీ అర్థం కాలేదు. తలుపు కొట్టి చెప్పాను... "అత్తా, నీ బిడ్డ వచ్చింది. అమ్మ చెప్పమన్నది."

అత్త తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నా తల మీదుగా మా గుమ్మం వైపు చూసింది. అక్కడ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. వాళ్ళిద్దరి మధ్యా క్షమించమనే మాట రాలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ రాలేదు.

అత్త నన్ను లోపలికి లాక్కుంటూ గట్టిగా కేకేసింది. "వదినా! నా బిడ్డ ఇయ్యాల ఈడనే తింటది!"

అత్త ఇప్పుడు లేదు. నేను యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. పక్కింటివాళ్ళతో ఇన్నేళ్ళలో ఒక్క గొడవా లేదు... గొడవపడేంత దగ్గరయితే కదా. నా బిడ్డను చెయ్యి పట్టుకుని పంపడానికి నాకిక్కడ ఒక్క తలుపూ లేదు.

మీ వాకిట్లో ఎవరుండేవారు? కోపమొస్తే ఏం చేసేవారు? చెప్పండి... తెలుసుకోవాలని ఉంది.