షెడ్డులో నిమ్మకాయ

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరో కొత్త కారుకు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టారు. చూడగానే అమ్మ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మా ఊళ్లో మిర్చి బస్తాలు వేసే కొట్టునే నాన్న కారు షెడ్డు చేశారు. లోపలికెళ్తే ఘాటుకు ఒకటే తుమ్ములు. కారు జానెడు ముందుకెళ్తే గోడ, జానెడు వెనకాగితే షట్టరు దిగదు. నాన్న, పక్కింటి బాబాయి ఇద్దరూ ఆ గోడను గుద్దినవాళ్లే.

అమ్మ కారు నేర్చుకుంది. ఒక పొద్దున, కారు షెడ్డులో సరిగ్గా ఆగి ఉన్నప్పుడు, ముందు అద్దానికి ఆనేలా దూలం నుంచి నిమ్మకాయ దండ వేలాడదీసింది. దిష్టికేమోననుకుని నేను దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం అమ్మ కారు తెచ్చింది. "వదినా, గోడ జాగ్రత్త! మొన్ననే సున్నం వేయించారు," అని బాబాయి అరిచాడు.

అమ్మ కారును నెమ్మదిగా లోపలికి పోనిచ్చింది. నిమ్మకాయ అద్దానికి తగలగానే బ్రేకు వేసింది. దిగి, ఒక్క లాగుకు షట్టరు దించింది.

మర్నాడు బాబాయి గొంతు తగ్గించి అడిగాడు: "వదినా, మా షెడ్డులోనూ ఒకటి కట్టిపెట్టవా?"

బాబాయికి దిష్టంటే ఎంత భయమో అనుకున్నాను. అది బ్రేకు ఎక్కడ వేయాలో చెప్పే గుర్తని నేను స్టీరింగ్ పట్టాకే తెలిసింది. బాబాయి మాత్రం ఇప్పటికీ శనివారం శనివారం కొత్త నిమ్మకాయ కడుతూనే ఉన్నాడు.