జహీరాబాద్‌లో బ్రౌన్ డ్వార్ఫ్ గురించి చెప్పబోయి

పొద్దున ఆరున్నరకు లింగంపల్లిలో జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. అక్కడి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్లు నక్షత్రాల మీద మాట్లాడమని పిలిచారు. హైదరాబాద్‌లో ఫిజిక్స్ చెప్పే నాకు ఇలాంటి పిలుపులు అరుదు. సంతోషంగానే బయలుదేరాను.

సదాశివపేట దాటాక పక్క సీటులోని అల్లం వ్యాపారి, ఏం పని మీద వెళ్తున్నానని అడిగాడు. సూర్యుడిలాంటి ఒక నక్షత్రం చుట్టూ బ్రౌన్ డ్వార్ఫ్ తిరుగుతోందని, దాని గురించి పిల్లలకు చెప్పాలని అన్నాను.

"సూర్యునికి జోడు ఉంటదా మేడం?"

"మన సూర్యుడికి లేదు, ఆ నక్షత్రానికి ఉంది. గ్రహం కంటే బాగా బరువు, నక్షత్రం కంటే తక్కువ."

"గట్లనా. మంచిగ చెప్పున్రి పిల్లలకు."

తొమ్మిదికి బస్టాండులో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో కాలేజీ చేరాను. హాలు నిండింది. బ్రౌన్ డ్వార్ఫ్ లోపల నక్షత్రాల్లోలా హైడ్రోజన్ రగలదని, అందుకే మసకగా ఉంటుందని, అయినా దాని లాగుడుకు పెద్ద నక్షత్రం కొద్దిగా ఊగుతుందని, ఆ ఊపు చూసే దాన్ని కనిపెట్టారని చెప్పాను.

అంతలో కాలేజీ డైరెక్టర్ మైకు తీసుకున్నాడు. "చూసిన్రా, ఫెయిలైన నక్షత్రమది. ఫెయిలైతే గిట్లనే చీకట్ల తిరగాలె. మొన్న టెస్టుల ఫెయిలైనోళ్లు లేవున్రి."

వెనక రెండు వరుసలు లేచి నిలబడ్డాయి. ముందు వరుసల్లో నవ్వులు.

నాకు ఒళ్లు మండిపోయింది. మైకు లాక్కున్నాను. "అది ఏ పరీక్షా తప్పలేదు. పుట్టినప్పుడు దానికి అందిన పదార్థమే తక్కువ. మీరు నక్షత్రాలు కాదు, మనుషులు. మళ్లీ రాస్తారు. కూర్చోండి."

ఒక్కరూ కూర్చోలేదు. అందరూ డైరెక్టర్ ముఖమే చూస్తున్నారు. చివరికి ఒక అమ్మాయి కూర్చుంది. పేరు సుజాత, రాయికోడ్ నుంచి వస్తుందని తర్వాత తెలిసింది.

"ఎవరు కూసోమన్నరు?" అన్నాడాయన.

"మేడం చెప్పిన్రు సార్." అంది, లేవలేదు. ఆమెను చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు.

ఫోటో కోసం శాలువా తెచ్చారు. వద్దన్నాను. గేటు దాకా వచ్చిన ఫిజిక్స్ లెక్చరర్, "కోపం చేసుకోకున్రి మేడం. పిల్లలు బాగుపడాలనే సార్ అట్లంటడు," అన్నాడు.

"మీరెందుకు నోరు మెదపలేదు?" అన్నాను. అతను రోడ్డు మీద పోయే ఆటోను నాకోసం చెయ్యెత్తి ఆపాడు.

ఒంటిగంట బస్సు దొరికింది. జహీరాబాద్‌కు బస్సుల కొదవ లేదు, మనుషులూ మర్యాదస్తులే. ఏ కాలేజీ అయినా మాట్లాడమని పిలిస్తే మాత్రం, చివర్లో మైకు ఎవరి చేతికి వెళ్తుందో ముందే అడగండి.

సంగారెడ్డి వచ్చినా నా కోపం చల్లారలేదు. నేను అనాల్సింది అనేసి బస్సెక్కాను. సుజాత రేపు పొద్దున మళ్లీ ఆ కాలేజీకే వెళ్లాలి.