ఒబ్దూలియా కాల్చని పెట్టె

ఒబ్దూలియా నోటికి జడవనివాడు ఆ ఊళ్లో లేడు. మడ అడవుల అంచున ఉన్న ఆ క్యూబా పల్లెలో తేనెటీగలు పెంచేవాళ్లంతా ఆమె మాటే వినేవారు. ప్రేమతో కాదు, వినకపోతే బతకనివ్వదని. మొగుడు పోయాక అతని ముప్పై తేనెటీగల పెట్టెలతో పాటు అతని నియమమూ ఆమె చేతికొచ్చింది. ఏ పెట్టెలో ఈగలు తమ పిల్లలను గుమ్మంలోంచి బయట పారేస్తాయో దానికి పిల్లలను కుళ్లబెట్టే అంటురోగం, కుళ్లుజబ్బు, పట్టినట్టే, అదే రోజు కిరోసిన్ పోసి తగలబెట్టాలి.

ఎర్రపేను వచ్చిన ఏడాది మందు దొరకలేదు. తేనెపట్టులో మూతపడ్డ గదుల్లో దూరి ఈగపిల్లలను పీల్చుకు తినే పేను అది. పెట్టెలు వరసపెట్టి చచ్చాయి. ఒబ్దూలియా శివాలెత్తి ఇంటింటికీ తిరిగి, ముంగిట రెక్కలు రాని తెల్లపిల్లలు కనిపించిన ప్రతి పెట్టెనూ కాల్పించింది. వాటిలో రెండు మరిది ఎవేలియోవి. లోపల ఈగలు నిండుగా ఉన్నాయి వదినా అని అతను కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఏడుపు తర్వాత. ముందు అగ్గిపుల్ల గియ్యి" అంది.

ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఏడాది తిరిగేసరికి ఆమెకు మిగిలింది ఒక్క పెట్టె. ఒక ఉదయం దాని ముందూ తెల్లపిల్లలు పడ్డాయి. ఎవరి కంటా పడకుండా ఊడ్చేసింది. మర్నాడూ ఊడ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది కానీ కాల్చడానికి చేతులు రాలేదు. మూడో రోజు కళ్లజోడు పెట్టుకుని ఒకదాన్ని అరచేతిలో వేసుకుంది. దాని పొట్టకింద ఇంకా రంగు తిరగని పేనుపిల్లలు. ఇంకొకటి తీసింది, దానికీ అంతే. పెట్టె తెరిస్తే కుళ్లువాసన లేదు. ఈగలు పేను చేరిన గదులనే పసిగట్టి, మూత కొరికి, పిల్లతో సహా ఈడ్చి పారేస్తున్నాయి.

అలా ఏరి పారేయడం చేతకాని పెట్టెలను పేను తినేసి, చేతనైనవాటిని మిగిల్చింది. అలా మిగిలిన పెట్టెల్లోని రాణి ఈగల కడుపున పుట్టే రాణులకూ ఈ గుణం వచ్చి ఉండేది. ఒబ్దూలియా సరిగ్గా వాటినే ఏరి ఏరి కాల్పించింది. అది తెలిశాక ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆమె ఊడ్చేస్తున్న కబురు ఎవరు మోశారో ఏమో, ఆ సాయంత్రమే ఎవేలియో కిరోసిన్ డబ్బాతో దిగాడు.

"ఏం వదినా, నీ పెట్టెకైతే జబ్బు కాదా?"

"కాదు. నీ రెండిటికీ కూడా కాదు. తప్పు నాది."

"నీ దాకా వచ్చేసరికి తెలివొచ్చిందన్నమాట."

గుమ్మం ముందు పడ్డ ఒక పిల్లను అరచేతిలోకి తీసి, దాని కింది పేనుపిల్లలను చూపించబోయింది. అతను చూడలేదు, డబ్బా మూత తిప్పుతున్నాడు. ఈ పెట్టె తనదిగా ఉన్నంతసేపూ తన మాట నమ్మడని ఆమెకు అర్థమైంది.

"నువ్వే పట్టుకుపో" అంది. "కాల్చకు. ఇది నీది. దీనికి పుట్టే రాణులూ నీవే. నాకు ఒక్కటి కూడా ఇవ్వొద్దు."

ఆ మాట అనడానికి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. ఇందులో ఏం మోసముందోనని ఎవేలియో ఆమె మొహం కేసి చాలాసేపు చూశాడు. ఈగలన్నీ గూటికి చేరేదాకా ఆగి, పెట్టె గుమ్మంలో గుడ్డ కుక్కి, రెండు చేతులా ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి నిలబడిపోయాడు.

"నా రెండూ ఇంతే బరువుండేవి" అన్నాడు.