హాల్వార్డ్ గారి పాత కార్ల పరీక్ష

మా కింది వాటాలో ఉండే హాల్వార్డ్ గారికి ఒక్కటే పిచ్చి. ఊళ్ళో ఎవరు కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే పాత ప్లగ్-ఇన్ కారు కొనబోతున్నా, తను చూడనిదే కొననివ్వరు. పిలవక్కర్లేదు, చెవిన పడితే చాలు. చెవుల్లో పత్తి కుక్కుకున్నట్టు ఏదీ సరిగ్గా వినపడని మనిషి. నలభై ఏళ్ళు ఫెర్రీ ఓడ ఇంజిన్ గదిలో పనిచేసిన ఫలితం అది. అయినా మా క్రిస్టియన్‌సుండ్ ఊళ్ళో ఏ మూల ఎవరు “పాత కారు” అని గొణిగినా ఆయనకి వినపడుతుంది. విచిత్రమేమిటంటే ఆయనకి సొంత కారు లేదు, బస్సు పాసే.

ఆయన పరీక్ష చేతితో మొదలవుతుంది. అమ్మేవాళ్ళు పదకొండింటికి రమ్మంటే పదిన్నరకే వెళ్ళి, మనిషికంటే ముందు కారు బానెట్‌కి చెయ్యి కలుపుతారు. అది వెచ్చగా ఉందో, పని అయిపోయినట్టే.

“పద, ఇంటికి పోదాం.”

“అదేంటండీ! పొద్దున్నే షాపుకి వెళ్ళొచ్చాను, అందుకే వేడిగా ఉంది,” అన్నాడు ఒకసారి ఒక పెద్దమనిషి.

“ఆదివారం ఊళ్ళో షాపులన్నీ మూతేగా, ఏది తెరిచారు నాయనా?”

పెద్దమనిషి పాపం బూట్లు చూసుకున్నాడు.

“ఈ కార్లకి రెండు గుండెలు,” అంటారు హాల్వార్డ్ గారు. “ఒకటి బ్యాటరీది, ఒకటి పెట్రోలుది. అమ్మేవాడు బాగున్నదే చూపిస్తాడు. రెండోదాన్ని చల్లగా ఉన్నప్పుడు నిద్రలేపి వినాలి. వేడెక్కాక ఏ ఇంజినైనా మర్యాదగానే మాట్లాడుతుంది.”

ఒకసారి మా పోస్టాఫీసులో పనిచేసే ఆయన్ని వెంటబెట్టుకుని కార్ల దుకాణానికి వెళ్ళారు. టై కట్టుకున్న అమ్మకందారు, “ఇది కంపెనీ కారు సార్, రోజూ చార్జింగ్ పెట్టేవారు,” అన్నాడు. ఈయన డిక్కీలో అడుగు పలక ఎత్తి చూశారు. చార్జింగ్ తీగ ఫ్యాక్టరీ ప్లాస్టిక్ సంచిలో చుట్టచుట్టుకుని పడుకునుంది.

“దీనికింకా పురిటి గుడ్డలే విప్పలేదు. మరి దేంతో చార్జింగ్ పెట్టారు, ప్రార్థనతోనా?”

అంతే, ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశారు. పోస్టాఫీసు ఆయనకి పార్కింగ్ చీటీ తీసుకునే టైమైనా దొరకలేదు.

నేను పై వాటాలోకి వచ్చింది పోయిన శరదృతువులో, విడాకుల తర్వాత. రెండు పెట్టెలు, ఒక కుర్చీ, ఒక గిన్నె. పని ఆవెరోయ్ దీవిలోని వృద్ధాశ్రమంలో. సముద్రం కింద సొరంగం దాటి వెళ్ళాలి, ఆదివారం పొద్దున బస్సు ఉండదు. రోజంతా ముసలివాళ్ళతో గలగలా మాట్లాడి, ఇంటికొచ్చి మర్నాటిదాకా నోరు తెరిచేదాన్ని కాదు. నోరు తెరిచింది కార్ల ప్రకటనలకి ఫోన్ చేసినప్పుడే.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం హాల్వార్డ్ గారు నా తలుపు తట్టారు.

“కారు చూస్తున్నావటగా, సున్నివా?”

“ఎవరు చెప్పారండీ?”

“మా పైకప్పు. నువ్వు ఫోన్లో బేరాలాడుతుంటే కిందికి వినపడుతుంది. మా ఇంట్లో వేరే గొంతేమీ లేదుగా, అడ్డు రావడానికి.”

అలా ఆ శనివారం ఫ్లాస్కులో కాఫీ, గుడ్డలో చుట్టిన వాఫుల్స్ పట్టుకుని, నాతోపాటు బస్సెక్కారు. కారు ఆవెరోయ్ చివర ఒక ఒంటరి ఇంట్లో ఉంది. అమ్మే ఆవిడ ఆస్లౌగ్ గారు. డెబ్బై ఆరేళ్ళు. భర్త మాగ్నార్ పోయి నాలుగు నెలలు. ఆవిడకి చూపు తగ్గి బండి నడపడం మానేసి చాలా కాలమైంది. గుమ్మంలోనే తాళం చెవి చేతిలో పెట్టి, “చూసుకోండి. నాకేమీ తెలీదు,” అని తలుపు వేసేసుకోబోయింది.

హాల్వార్డ్ గారు బానెట్ మీద చెయ్యి వేశారు. మంచుగడ్డ. ఇంజిన్ లేపి, కళ్ళు మూసుకుని విన్నారు. చక్రాల సందుల్లోంచి బ్రేకు పలకల మీది తుప్పు చూశారు. “బ్యాటరీ కారుని సగం మోటారే ఆపుతుంది, బ్రేకులు సోమరిపోతులు, పనిలేక తుప్పు పడతాయి. ఇది పైపైదే,” అన్నారు. సర్వీసు పుస్తకంలో ఏ ముద్రా తప్పలేదు. చార్జింగ్ తీగ రోజూ వాడి మెత్తబడి ఉంది. బ్యాటరీ గ్యారంటీకి ఇంకా మూడేళ్ళుంది. అరగంటయ్యేసరికి కారులో వంక పెట్టడానికేమీ మిగల్లేదు. చలికి నా కాలివేళ్ళు మాత్రం నాతో లేవు.

“అయితే తీసుకుందామా?” అన్నాను.

“తొందరెందుకమ్మాయ్!” అని ఆవిడ వైపు తిరిగారు. “చార్జింగ్ ఎవరు పెట్టేవారండీ?”

“ఆయనే.”

“ఎప్పుడెప్పుడు?”

“రోజూ సాయంత్రం.”

“రోజూ తిరిగేవారా?”

“ఎక్కడికీ లేదు,” అంది. “‘రేపు ఎక్కడికైనా వెళ్ళాల్సొస్తేనో’ అనేవాడు. రెండేళ్ళు రోజూ అదే మాట. ఎక్కడికీ వెళ్ళింది లేదు.”

హాల్వార్డ్ గారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు: “ఈ తెర మీద కిలోమీటర్ల అంకె ఉందే, అది కారు కనే కల. నమ్మకూడదు. ఖాళీ అయ్యేదాకా నడపాలి. మళ్ళీ నింపాలి. ఎంత కరెంటు తాగిందో గోడ మీటరులో చూడాలి. మీరూ ఎక్కండి. దారి తెలిసినవాళ్ళు కావాలి.”

దీవికి ఉన్నది ఒకే రోడ్డు. దానికి దారి తెలిసినవాళ్ళెందుకో నాకర్థం కాలేదు. ఆస్లౌగ్ గారు కోటు తెచ్చుకుని వెనక సీట్లో కూర్చుంది. భర్త పోయాక ఆ కారెక్కడం అదే మొదటిసారట. సముద్రం వెంట బండి నేను నడిపాను. బ్యాటరీ అయిపోయి పెట్రోలు ఇంజిన్ గుర్రుమన్నప్పుడు ఆవిడ, “ఈ చప్పుడంటే మాగ్నార్‌కి పడేది కాదు. వినపడగానే ఇంటికి తిప్పేసేవాడు,” అంది.

మేమూ తిప్పేశాం. తీగ తగిలిస్తే తెర మీద నాలుగున్నర గంటలు అని చూపించింది.

“నాలుగున్నర గంటలా!” అన్నాను.

“శాస్త్రం అంటే శాస్త్రమే,” అన్నారు హాల్వార్డ్ గారు బూట్లు విప్పుతూ.

ఆవిడ కాఫీ పెట్టింది, మేం వాఫుల్స్ విప్పాం. మొదటి గంట మీటరు గురించి, రెండో గంట మాగ్నార్ గురించి. మూడో గంటలో ఆవిడ నా వైపు తిరిగి, “నీకెవరున్నారమ్మా?” అంది. ఆర్నెల్లుగా ఎవరూ అడగని ప్రశ్న. జవాబు చెప్పడం మొదలుపెడితే నాలుగో గంట కూడా అయిపోయింది. హాల్వార్డ్ గారు కిటికీ దగ్గర నిలబడి తీగని కాపలా కాశారు. ఆవిడా నేనూ ముక్కు చీదుకుంటుంటే, “బాగా తాగుతోంది, బాగా తాగుతోంది,” అని కారు సంగతి ప్రకటిస్తూనే ఉన్నారు.

కారు కొన్నాను.

ఏప్రిల్లో చలికాలపు టైర్లు మార్పించడానికి వెళ్తే మెకానిక్ ఎల్లింగ్‌కి ఈ నాలుగున్నర గంటల కథ నవ్వుతూ చెప్పాను. అతను పానా పక్కన పెట్టి నా వంక చూశాడు.

“నాలుగున్నర గంటలా? బ్యాటరీ ఎంత బాగుందో చెప్పే పరికరం ఆయన దగ్గరుందండీ. అగ్గిపెట్టెంత. స్టీరింగ్ కింద గుచ్చితే రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. మూడేళ్ళ క్రితం నేనే ఇచ్చాను.”

ఇంటికొచ్చి నేరుగా కింది వాటా తలుపు తట్టాను.

“ఆ రోజు మీ జేబులో పరికరం ఉందా, లేదా?”

“ఉంది.”

“వాడారా?”

“ఆవిడ కోటు తెచ్చుకునేలోపే వాడేశాను. తొంభై రెండు శాతం. చక్కటి బ్యాటరీ.”

“మరి నన్నెందుకండీ అంతసేపు కూర్చోబెట్టారు?”

ఆయన చెవి వెనక గోక్కున్నారు. “దుకాణంవాడి కారైతే ఐదు నిమిషాలు చాలు. ఇంటిదగ్గర అమ్మే కారు అలా కాదు తల్లీ. ఊరికే ఎవరూ కారు అమ్ముకోరు. ఆ ఇంట్లో ఏదో ఒకటి అయిపోయుంటుంది. మనం అరగంటలో తోలుకుని వచ్చేస్తే, ఇక వాకిట్లో ఖాళీయే కదా మిగిలేది. కాస్త మాట్లాడించి తీసుకొస్తే...” అని ఆగి, కోపంగా ముగించారు: “అయినా కొనేదానివి నువ్వూ తక్కువేం కాదు. పైకప్పు మీద ఆర్నెల్లు ఒక్క మనిషి అడుగుల చప్పుడే! నాకు నిద్ర పట్టొద్దూ?”

భోజనానికి రమ్మన్నాను. వచ్చారు. గిన్నె ఒకటే ఉందని చూసి, కిందికి వెళ్ళి తన గిన్నె తెచ్చుకున్నారు.

పోయిన శనివారం నా తలుపు తట్టి, “రేపు డ్యూటీకి వెళ్తూ నన్ను ఆస్లౌగ్ గారింటి దగ్గర దింపుతావా? మాగ్నార్ పడవ ఇంజిన్ ఉందట, చూసిపెట్టమంది,” అన్నారు.

“ఎవరు కొంటున్నారు?”

“ఎవరూ లేరు.”

“ఆవిడ అమ్ముతున్నారా?”

“అమ్మడంలేదట. ఊరికే చూడాలట.”

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. పొద్దున ఏడింటికి దింపాను. డ్యూటీ అయ్యి మధ్యాహ్నం మూడున్నరకి తిరిగి వెళ్ళేసరికి ఇద్దరూ పడవల కొట్టం ముందు ఎండలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆస్లౌగ్ గారు ఏదో చెబుతోంది. హాల్వార్డ్ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నారు.

“ఎలా ఉందండీ ఇంజిన్?” అని అరిచాను.

“పాతది. జాగ్రత్తగా చూడాలి. ఇంకో రెండు మూడు ఆదివారాలు పట్టేట్టుంది,” అన్నారాయన.

కొట్టంలోకి తొంగి చూశాను. ఇంజిన్ మీద కప్పిన గుడ్డ ఇంకా తీయనే లేదు.